రామతీర్థంలో బస: సత్రం, బంగళా, లాడ్జి

రామతీర్థం విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని ప్రాచీన క్షేత్రం. విజయనగరం పట్టణానికి ఈశాన్యాన సుమారు 12 కి.మీ. దూరంలో ఉంది. కింద రామస్వామి ఆలయం, దాన్ని ఆనుకుని ఉమాసదాశివుడి గుడి ఉన్నాయి. బోడికొండ మీద కోదండరాముడి కోవెల, ఆ వరసలోనే గురుభక్తులకొండ, దుర్గకొండ, ఘనికొండ. బౌద్ధులు, జైనులు, వైష్ణవులు, శైవులు వేరు వేరు కాలాల్లో ఈ కొండలను వెతుక్కుంటూ వచ్చారు. ఊరు చిన్నదే. అయినా పై ఊరి నుంచి వచ్చిన మనిషి రాత్రి తల ఎక్కడ వాల్చాలన్న ప్రశ్నకు ఇక్కడా, చుట్టుపక్కల ఉత్తరాంధ్రలోనూ ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది. ఆ జవాబులు చాలావరకు ఇప్పటికీ పక్కపక్కనే బతుకుతున్నాయి.

విదేశీ యాత్రికుడు ఇక్కడికి బయలుదేరే ముందు తేల్చుకోవాల్సింది దేశవాళీ బస కావాలా, ఇంగ్లీషు పద్ధతి బస కావాలా అన్నది. ఒకవైపు చాప, జంపఖానా, ఉమ్మడి కుళాయి, పంక్తి భోజనం. మరోవైపు మంచం, అటాచ్డ్ బాత్‌రూము, గదికే వచ్చే కాఫీ. పైకి ఇది సుఖానికి సంబంధించిన లెక్కలా కనిపిస్తుంది గానీ చరిత్ర తిరగేస్తే తేడా వేరే చోట ఉన్నట్టు తేలుతుంది. సత్రం మనిషిని యాత్రికుడిగా చేర్చుకుంటుంది. బంగళా దొరగా చేర్చుకుంది. లాడ్జి గిరాకీగా చేర్చుకుంటుంది. గదిలో ఏముండాలన్నదీ, తలుపు ఎవరికి తెరుచుకోవాలన్నదీ ఆ హోదాను బట్టే నిర్ణయమవుతూ వచ్చాయి.

కొండమీది గదులు

ఈ ప్రాంతంలో ఆనవాళ్లు మిగిలిన తొలి వసతి గృహాలు బౌద్ధ విహారాలే. గురుభక్తులకొండ వాలులో, పైన నిలువు బండకూ కింద లోయకూ మధ్య సన్నగా సాగిన అరుగు మీద స్తూపం, చైత్యాలు, వరస గదుల విహారాలు కట్టారు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే వీటిని తవ్వించాడు. ఆ వివరాలు శాఖవారి 1910-11 వార్షిక నివేదికలో అచ్చయ్యాయి. విశాఖ, భీమిలి మధ్య సముద్రానికి ఎదురుగా ఉన్న తొట్లకొండను 1988-92 మధ్య తవ్వినప్పుడు ఇదే తరహా ఏర్పాటు మరింత విస్తారంగా బయటపడింది. భిక్షువుల గదులే 70కి పైగా ఉన్నాయి. వాటితోపాటు భోజనశాల, వంటశాల, కోష్ఠాగారం, వాన నీరు నిలవ చేసుకునే రాతి తొట్లు కూడా దొరికాయి.

విహారం మొదట్లో ఏడాది పొడుగునా ఉండే ఇల్లు కాదు. భిక్షువు తిరుగుతూనే ఉండాలి. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట నిలవాలి. వర్షావాసం కోసం వేసిన కప్పులే క్రమంగా స్థిరమైన విహారాలయ్యాయి. మిగతా కాలమంతా దారినపోయే భిక్షువులు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి, వచ్చినవాడు ఎలా మెలగాలి, ఉన్నవాడు అతణ్ణి ఎలా చూసుకోవాలి అన్నది వినయ పిటకంలోని చుల్లవగ్గ పూస గుచ్చినట్టు చెప్పింది. వచ్చేవాడు ప్రాకారం దగ్గరే చెప్పులు విడిచి దులపాలి, గొడుగు దించాలి, తల మీది వస్త్రం తీయాలి. తాగే నీళ్లేవో, వాడుకునే నీళ్లేవో అడగాలి. తనకు ఏ గది వస్తుంది, అందులో ఎవరైనా ఉంటున్నారా, మరుగు ఎక్కడ, భిక్షకు ఏ వైపు వెళ్లాలి, ఏ వైపు వెళ్లకూడదు అన్నవన్నీ తెలుసుకోవాలి. వచ్చినవాడు తనకన్నా పెద్దవాడైతే అక్కడున్న భిక్షువు పీట వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, చేతిలోని పాత్ర, చీవరం అందుకోవాలి. నేటి లాడ్జి కౌంటరు దగ్గర జరిగే సంభాషణలో అడ్వాన్సు డబ్బు ఒక్కటి తీసేస్తే మిగిలేది దాదాపు ఇదే. ఏడో శతాబ్దంలో చీనా నుంచి వచ్చిన ఇత్సింగ్, భారతదేశపు ఆరామాల్లో కొత్తగా వచ్చినవారిని ఆదరించే ఈ పద్ధతులను శ్రద్ధగా రాసుకున్నాడు. పరదేశి అయినా సంఘానికి చెందినవాడు కాబట్టి అతనికి తలుపు తెరుచుకుంది.

జైనుల సంగతీ ఇలాంటిదే. దుర్గకొండ గుహలో ఉన్న కన్నడ శాసనం ఒక యాత్రికుడి రాకను నమోదు చేసింది. తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి గురువు, దేశీగణానికి చెందిన త్రికాలయోగి సిద్ధాంతదేవ ముని వచ్చి రామకొండకు మొక్కాడని అందులో ఉంది. విమలాదిత్యుడి పాలన 1011-1018 మధ్య సాగింది. అంటే వెయ్యేళ్ల నాడే ఈ ఊరికి సందర్శకుల పుస్తకం ఉందన్నమాట, కాకపోతే రాతి మీద. ఇప్పుడు ఈ రెండు కొండల కట్టడాలూ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. పొద్దు పొడిచాక ఎక్కి, పొద్దుగూకేలోగా దిగిరావాలి. పైన నీడ తక్కువ, నీళ్లు మోసుకెళ్లాలి.

దారి పొడుగునా సత్రాలు

బౌద్ధం సన్నగిల్లాక బస బాధ్యత గుళ్లకూ, మఠాలకూ, దానకర్తలకూ మళ్లింది. ఉత్తరాంధ్ర మీదుగా పోయే పెద్ద దారి జగన్నాథం దారి. దక్షిణాది నుంచి పురీకి, అక్కడి నుంచి కాశీకి నడిచిపోయేవాళ్లు సింహాచలం, శ్రీకూర్మం, అరసవల్లి చూసుకుంటూ ఇచ్ఛాపురం దాటి వెళ్లేవారు. జమీందార్లు, కోమట్లు, బిడ్డలు లేని వితంతువులు ఆ దారుల మీద సత్రాలు కట్టించి, వాటి పోషణకు మాన్యాలు రాసిచ్చారు. నాలుగు వైపులా వసారా, మధ్య ముంగిలి, పెరట్లో బావి, ఒక వంటసాల, సామాను పెట్టుకునే రెండు మూడు గదులు ఉంటే సత్రం అయిపోయినట్టే. మూడు రోజులకు మించి ఉండకూడదన్నది అన్నిచోట్లా వాడుక. డబ్బు అడగరు.

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో సుమారు వందమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగు ప్రయాణంలో పురీ దర్శించుకుని ఈ కోస్తా దారినే దిగాడు. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను భక్తి గ్రంథంగా కన్నా మజిలీల చిట్టాగా చదవడమే నాకు ఇష్టం. ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, నీళ్లు ఎలాంటివి, సరుకులు దొరుకుతాయా లేదా అన్నవి ప్రతి మజిలీకీ రాశాడు. వసతి గురించి తెలుగులో ఇంత ఓపికగా రాసిన ప్రయాణికుడు అంతకు ముందు కనబడడు.

సత్రాల మాన్యాలపై ప్రభుత్వం కన్ను త్వరగానే పడింది. 1817 నాటి మద్రాసు ఏడో రెగ్యులేషన్ గుళ్లు, మసీదులతోపాటు సత్రాల ఆస్తుల పర్యవేక్షణనూ రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1871 తరవాత చాలా సత్రాలు లోకల్ ఫండ్ బోర్డుల చేతికి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో దేవాదాయ, ధర్మాదాయ సంస్థలకు ఇప్పుడు వర్తించేది 1987 నాటి చట్టం. విశాఖపట్నంలో కలెక్టర్ టర్నర్ పేరిట వెలసిన టర్నర్ సత్రం పేరు పాత తరానికి బాగా తెలుసు. దొర పేరు పెట్టుకుని దేశవాళీ ప్రయాణికుల కోసం నిలిచిన సత్రం అది. మాన్యాలు అన్యాక్రాంతమై, సత్రాలు కొన్ని కల్యాణ మండపాలై, కొన్ని దుకాణాల సముదాయాలై, కొన్ని పేరు మాత్రమే మిగిల్చుకుని పోవడం రాష్ట్రమంతటా జరిగింది. పెళ్లిళ్ల సీజనులో యాత్రికుడికి సత్రంలో చోటు దొరకదన్నది దాతలు ఊహించని మలుపు.

సత్రాన్ని పొగిడేవారు దాటవేసే విషయం ఒకటుంది. ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. చాలా సత్రాల్లో ఉచిత భోజనం బ్రాహ్మణులకే. శూద్రులు బయటి వసారాలో వండుకునేవారు. అస్పృశ్యులుగా ముద్రపడ్డవారు బావి దగ్గరికి కూడా పోకూడదు. రాజ్యాంగం 17వ అధికరణం, 1955 నాటి చట్టం దీన్ని నేరం చేశాయి. పౌరహక్కుల రక్షణ చట్టం అన్న పేరుతో ఇప్పుడు అమల్లో ఉన్న ఆ 1955 చట్టం ధర్మశాల, సరాయి, ముసాఫర్‌ఖానాలను పేరుపేరునా పేర్కొంటుంది. అయితే కులం పేరుతో సత్రాలు పోలేదు. శ్రీశైలం వెళ్లిన విదేశీయుడు రెడ్డి సత్రం, కమ్మ సత్రం, వెలమ సత్రం, ఆర్యవైశ్యుల సత్రం, బ్రాహ్మణుల కరివేన సత్రం బోర్డులు వరసగా చూసి తెల్లబోతాడు. ఎవరి సత్రంలో ఎవరు దిగాలో తెలుగువాడికి అడగకుండానే తెలుసు. ఆ తెలియడమే సమస్య.

దొరల బంగళా

కుంఫిణీ కాలంలో యూరోపియను ఉద్యోగులకు సత్రం సరిపడలేదు. వారికోసం మజిలీ మజిలీకీ ముసాఫరు బంగళాలు కట్టారు. ఎత్తయిన పునాది, చుట్టూ వరండా, రెండు పడకగదులు, ప్రతి గదికీ స్నానపు గది, అందులో తొట్టి, కమోడు. వెనకాల విడిగా వంటిల్లు, గుర్రాలకు కొట్టం. కాపలాకు ఒక మనిషి, కొన్నిచోట్ల వంటకు బట్లరు. అతిథి గేటు దాటగానే పెరట్లో కోడిని పట్టి, అరగంటలో బల్ల మీదికి తెచ్చేవారు. ఆ వంటకానికి ఆంగ్లో ఇండియన్లు 'సడన్ డెత్' అని పేరు పెట్టుకున్నారు.

ఒకే బోర్డు, ఒకే నిధి, ఒకే దారి మీద ఒకరికి సత్రం, మరొకరికి బంగళా. దేశవాళీ బస, పాశ్చాత్య బస అన్న రెండు దారులు మన నేల మీద చీలింది ఇక్కడే. ఆ చీలిక అభిరుచి వల్ల వచ్చింది కాదు, పాలన పెట్టింది. బంగళాలో డ్యూటీ మీదున్న ఉద్యోగికి మొదటి హక్కు. మిగతావారు అతను రానంతవరకే ఉండాలి. స్వాతంత్ర్యం తరవాత ఇవే ఆర్ అండ్ బి అతిథి గృహాలుగా, ఇన్‌స్పెక్షన్ బంగళాలుగా కొనసాగాయి. దొర మారాడు గానీ పద్ధతి మారలేదు. మంత్రో, ఇంజనీరో వస్తున్నాడంటే గది ఖాళీ చేయాల్సిందే. పర్యాటకుడు వీటిని లెక్కలో వేసుకోకపోవడం మేలు.

దొరల కాలంలోనే దేశవాళీ బస మీద ప్రభుత్వానికి మరో రకం ఆందోళన ఉండేది. పురీలో పండాలు నడిపే యాత్రికుల ఇళ్లలో గాలి, వెలుతురు లేని గదుల్లో మనుషుల్ని కుక్కడం, అక్కడ పుట్టిన కలరా యాత్రికులతో పాటు దారి పొడుగునా ప్రయాణించడం చూసి 1871లో పురీ లాడ్జింగ్ హౌస్ చట్టం తెచ్చారు. గదిలో ఎంతమంది ఉండవచ్చో, మరుగుదొడ్డి ఎలా ఉండాలో లైసెన్సు చెబుతుంది. జగన్నాథం నుంచి తిరిగి వచ్చే దారిలో మొదట తగిలేవి గంజాం, శ్రీకాకుళం తీరపు ఊళ్లే కాబట్టి ఇది మనకు పరాయి కథ కాదు.

పూటకూళ్లు, చుట్టాలిళ్లు, లాడ్జీలు

డబ్బిచ్చి తినే చోటు మనకు కొత్త కాదు. 15వ శతాబ్ది క్రీడాభిరామంలోనే ఓరుగల్లు పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. విజయనగరంలో అయితే ఆ వృత్తికి సాహిత్య శాశ్వతత్వం దక్కింది. 1892లో మొదట ప్రదర్శించిన గురజాడ కన్యాశుల్కంలో గిరీశం అప్పులు చేసి తిన్నది పూటకూళ్లమ్మ ఇంటిలోనే. భర్త పోయిన స్త్రీకి పూట భోజనం అమ్ముకోవడం గౌరవంగా బతికే కొద్ది దారుల్లో ఒకటి. కోర్టు పనికి, చదువుకు, రాజుగారి దర్శనానికి వచ్చినవాళ్లకు అది తిండీ, ఒక్కోసారి పడకా. నేడు అరకు లోయలో, భీమిలిలో హోంస్టే అంటూ కొత్తగా చెబుతున్నది దీని మనవరాలే.

ఇంతకన్నా పెద్ద వసతి వ్యవస్థ మరొకటుంది. ఏ గెజిటీరూ దాన్ని లెక్కించలేదు. అదే చుట్టాలిల్లు. ఉత్తరాంధ్రలో పట్నం పని మీద వెళ్లినవాడు లాడ్జిలో దిగాడంటే, ఆ ఊళ్లో ఉన్న మేనమామకో, పెదనాన్నకో తలవంపులు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి విజయనగరం లక్షల జనంతో నిండిపోతుంది. వాళ్లలో గది అద్దెకు తీసుకునేవారు కొద్దిమందే. మిగతావారు కబురు పెట్టకుండానే వచ్చి, వసారాలో వరసగా పడుకుని, మర్నాడు వెళ్లిపోతారు. ఇంత జనం వచ్చే పట్టణంలో పెద్ద హోటళ్లు ఎందుకు పెరగలేదని ఆశ్చర్యపోయేవారు ఈ లెక్క చూడాలి.

లాడ్జి రైలుతో వచ్చింది. 1890ల్లో మద్రాసు, కలకత్తా లైను విజయనగరం మీదుగా పడింది. 1931లో రాయపూర్ లైను పూర్తయింది. స్టేషనులోనే రిటైరింగ్ రూములు, బయట గంటల లెక్కన గదులు వచ్చాయి. బస్సులు పెరిగాక ఆర్టీసీ కాంప్లెక్సు చుట్టూ మరికొన్ని వెలిశాయి. లాడ్జి కులం అడగలేదు. ఎవరి బిడ్డవని అడగలేదు. అడ్వాన్సు అడిగింది. ఆధునిక ఆంధ్రదేశంలో కులం చెప్పకుండా ఒక రాత్రి గడపగల చోట్లలో మొదటి వరసలో లాడ్జి, రైల్వే వెయిటింగ్ హాలు ఉంటాయి. సత్రం మీద మమకారంతో లాడ్జిని చిన్నచూపు చూసే వ్యాసాలకు ఈ సంగతి పట్టదు.

జపానుతో పోలిక

విదేశీయులు దేశవాళీ బసా, పాశ్చాత్య బసా అని తేల్చుకునే దేశాల్లో జపాను పేరు ముందుగా వస్తుంది. అక్కడ ర్యోకాన్ అంటే తతామి చాపల గది, నేల మీద పరిచే ఫుటాన్, గుమ్మం దగ్గరే చెప్పులు, ఇంటివాళ్లు ఇచ్చే యుకతా, ఉమ్మడి వేడినీటి స్నానం, రాత్రీ పొద్దునా భోజనం. అద్దె గదికి కాదు, మనిషికి. 1948 నాటి చట్టం ర్యోకాన్‌నూ హోటల్‌నూ వేరు వేరు వర్గాలుగా చూసింది. 2018లో సవరణ అమలైనప్పటి నుంచి రెండూ ఒకే వర్గం. దేశంలో ఏ మూలకు వెళ్లినా ర్యోకాన్ వ్యాపారమే. విదేశీయుడు అక్కడ గిరాకీగానే దిగుతాడు. అందుకే మన సత్రాన్ని ర్యోకాన్‌తో పోల్చడం పొరపాటు.

సత్రానికి నిజమైన జపాను బంధువు షుకుబో, అంటే గుడి పెట్టే బస. తొమ్మిదో శతాబ్దంలో కూకాయ్ స్థాపించిన కోయాసాన్ కొండ మీద 50కి పైగా గుళ్లు ఇలా బస ఇస్తున్నాయి. మాంసం లేని శోజిన్ భోజనం, తెల్లవారుజామున ప్రార్థన, రాత్రి నిర్ణీత వేళకు గేటు మూత. ఒక్క విషయంలో కోయాసాన్ మన గుళ్లకన్నా ముందుంది. నమ్మకం లేని విదేశీయుడికి కూడా ఆ బసను ఎలా అమ్మాలో, మర్యాదలు ఎలా నేర్పాలో ఇంగ్లీషులో రాసి పెట్టింది. మన దేవస్థానాల వసతి యాత్రికుడికి అన్నీ ముందే తెలుసునన్న నమ్మకంతో నడుస్తుంది.

విదేశీయుడి ముందున్న దారులు

రామతీర్థం ఊళ్లో రాత్రి బసకు ఏర్పాట్లు పరిమితం. వచ్చేవారిలో ఎక్కువమంది విజయనగరంలో దిగి, నెల్లిమర్ల మీదుగా బస్సులోనో ఆటోలోనో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. స్విమ్మింగ్ పూల్ లాంటి హంగులు కావాలనుకునేవారికి విశాఖ సముద్రతీరమే మేలు. అక్కడి నుంచి రోజులో వచ్చి పోవచ్చు గానీ కొండ ఎక్కేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం విజయనగరం జిల్లాలోనే ఉంది కాబట్టి హోటళ్ల పటం మున్ముందు ఇటు జరగవచ్చు.

దేవస్థానం వసతిని ఎంచుకునేవారు కొన్ని నియమాలకు సిద్ధపడాలి. గుర్తింపు పత్రం తప్పనిసరి. కుటుంబాలకే గది, ఒంటరివారికి హాలులో చోటు, సామానుకు లాకరు అన్నది చాలా దేవస్థానాల్లో రివాజు. మాంసం, మద్యం, పొగ నిషిద్ధం. వేన్నీళ్లు బకెట్‌తో రావచ్చు, రాకపోవచ్చు. దుప్పటి, తువ్వాలు, తాళంకప్ప వెంట తెచ్చుకోవడం తెలుగు యాత్రికుడికి చెప్పనక్కరలేని సంగతి, విదేశీయుడికి మాత్రం చెప్పి తీరాలి. అన్నదానం ఉన్నచోట పంక్తిలో కూర్చుని కుడిచేత్తో తినాలి, వడ్డించేవాళ్లు వద్దన్నా మళ్లీ వేస్తారు. క్షేత్రంలో ఒక రాత్రి నిద్ర చేయడమే మొక్కుగా పెట్టుకుని వచ్చేవారుంటారు. వాళ్లకు గది ఎలా ఉందన్నది రెండో ప్రశ్న. హిందువులు కానివారి గుడి ప్రవేశం విషయంలో ఒక్కో క్షేత్రానిది ఒక్కో పద్ధతి. పురీ జగన్నాథాలయం అసలు రానివ్వదు. అందుకే అక్కడ విదేశీయుల బస గుడి దగ్గరి ధర్మశాలలను వదిలి, చక్రతీర్థ రోడ్డు వైపు విడిగా పెరిగింది. ఇతర చోట్ల కార్యాలయంలో ముందే అడగడం ఉత్తమం.

లాడ్జి విషయంలో విదేశీయుడికి ఎదురయ్యే అసలు అడ్డంకి కాగితం. విదేశీయుడికి చోటిచ్చిన ప్రతివారూ, హోటలైనా, సత్రమైనా, ఇల్లయినా, 24 గంటల్లోగా వివరాలను ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. దశాబ్దాలుగా దీన్ని ఫారం-సి అంటున్నారు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఈ బాధ్యత పోలేదు. పెద్ద హోటలుకు ఇది రోజువారీ పని. ఏడాదికి ఒక్క విదేశీయుణ్ణి కూడా చూడని చిన్న లాడ్జికి మాత్రం లాగిన్ లేదు, చేసే మనిషి లేడు, చేయకపోతే పోలీసు స్టేషను చుట్టూ తిరగాలన్న భయం ఉంది. అందుకే బోర్డు మీద తాళంచెవులు వేలాడుతుండగానే 'రూములు ఖాళీ లేవండీ' అన్న మాట వినిపిస్తుంది. దాన్ని అవమానంగా తీసుకోనక్కరలేదు. బయలుదేరే ముందు ఫోను చేసి, విదేశీ పాస్‌పోర్టు మీద గది ఇస్తారా అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోతుంది. గది ఇస్తామంటే తరవాతి ప్రశ్నలు ఏసీనా నాన్ ఏసీనా, మరుగుదొడ్డి ఇండియనా వెస్ట్రనా, లెక్క 24 గంటలదా లేక మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలా అన్నవి. అర్ధరాత్రి రైలు దిగేవారికి 24 గంటల లెక్క ఎంతో ఉపకారం చేస్తుంది. పెళ్లికాని జంటకు గది ఇవ్వకూడదని చట్టం ఏదీ లేదు. అయినా చిన్న పట్టణాల్లో మేనేజరు అడ్డు చెప్పడం మామూలే.

పన్ను చట్టానికి కూడా సత్రం, లాడ్జి ఒకటి కాదు. 2022 జూలైలో రోజుకు రూ.1,000 లోపు హోటల్ గదుల మీద కూడా 12 శాతం జీఎస్టీ పడింది. అమృత్‌సర్ స్వర్ణదేవాలయం సరాయిల మీదా పడుతుందేమోనని గగ్గోలు రేగితే, మతసంస్థలు తమ ప్రాంగణంలో రూ.1,000 లోపు ఇచ్చే గదులకు మినహాయింపు కొనసాగుతుందని కేంద్రం చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రూ.7,500 వరకు హోటల్ గదులపై పన్ను 5 శాతానికి తగ్గింది.

విదేశీయులంటే తెల్లవాళ్లే అనుకోకూడదు. ఈ జిల్లాలకు వచ్చే విదేశీ పాస్‌పోర్టుల్లో తెలుగు ఇంటిపేర్లు తక్కువేమీ కావు. అమెరికా నుంచి పిల్లలతో వచ్చిన కుటుంబం కాగితం మీద విదేశీయులు, మనసులో యాత్రికులు. తాతమ్మ దేవస్థానం గదే కావాలంటుంది, మనవడికి వెస్ట్రన్ టాయిలెట్ లేనిదే కుదరదు. చివరికి విజయనగరంలో ఏసీ గది, తెల్లవారుజామున సుప్రభాత వేళకు కారు అన్న రాజీ కుదురుతుంది. మారిషస్‌లో నేటికీ సింహాద్రి అప్పన్నను కొలిచే తెలుగువారి పూర్వీకుల్లో చాలామంది ఈ తీరం నుంచే ఓడ ఎక్కారు. వారి వారసుడు వచ్చి చూసుకోవాలనుకునేది గదిని కాదు, తాతల ఊరిని. అతనికి సత్రమో చుట్టాలిల్లో చూపించడం ధర్మం. గురుభక్తులకొండ బౌద్ధ శిథిలాల కోసం మాత్రమే వచ్చే జపాను, శ్రీలంక, ఐరోపా సందర్శకులకు నా సలహా విజయనగరం లాడ్జే. కొండ పొద్దున్నే ఎక్కాలి, ముందు రాత్రి నిద్ర పట్టాలి.

పండగ రాత్రులు

రామతీర్థంలో బస దొరకని రోజులు ముందే తెలిసినవే. మాఘ శుద్ధ ఏకాదశి, అంటే భీష్మ ఏకాదశి నాడు సీతారాముల తిరుకల్యాణం. తెలుగునాట మిగతా చాలాచోట్ల చైత్రంలో నవమికి జరిగే కల్యాణం ఇక్కడ మాఘంలో జరగడం ప్రత్యేకత. శ్రీరామనవమికీ జనం వస్తారు. అన్నిటికన్నా పెద్ద రద్దీ మహాశివరాత్రిది. రాముడి క్షేత్రంలో శివుడి జాతర ఏమిటని బయటివారు అడుగుతారు. పక్కనే ఉన్న సదాశివుడు ఇక్కడి క్షేత్రపాలకుడు, ఊళ్లవారికి అందులో వింతేమీ లేదు. ఆ రాత్రి జాగారం కాబట్టి వేలమంది వచ్చినా పడక అడిగేవారు ఉండరు. గుడి ఆవరణలో, దుకాణాల మధ్య, హరికథల దగ్గర, భజనల దగ్గర తెల్లవార్లూ కూర్చుంటారు. విదేశీయుడు గది గురించి ఆలోచించకుండా రామతీర్థంలో రాత్రంతా గడపగలిగేది ఆ ఒక్క తిథినే.

2020 డిసెంబరు చివర్లో బోడికొండ మీది కోదండరాముడి విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. ఆలయాన్ని తిరిగి కట్టి 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ జరిపారు. ఆ తరవాత వేళకాని వేళ కొండల మీద తచ్చాడేవారిని ప్రశ్నించడం సహజమయింది. టెంటు వేసుకుని కొండ మీద రాత్రి గడుపుదామనుకునే యువ పర్యాటకులు ఆ ఆలోచన మానుకుని, చీకటి పడక ముందే నెల్లిమర్ల వైపు వెళ్లే బస్సు వేళ కనుక్కోవాలి.